ఊరుకోవడం తెలిసిన గిటార్

నాలుగేళ్ల కిందట ఒక షార్ట్ ఫిలింకి ఆర్ఆర్, అంటే నేపథ్య సంగీతం, చేశాను. సినిమా మొత్తం 14 నిమిషాలు. అందులో నా సంగీతమే 12 నిమిషాల పైన ఉంది. కథ చాలా చిన్నది. ఒక పెద్దాయన తను అమ్మేసిన ఇంటికి చివరిసారి తాళం వేసి, తాళంచెవి కొత్తవాళ్ల చేతిలో పెట్టి వెళ్లిపోతాడు. అంతే. డైలాగులు కూడా పట్టుమని పది లేవు. ఆ ఖాళీ చూసి నాకు భయమేసింది. మాట లేని చోటల్లా గిటార్ పెట్టాను. గిటార్ చాలదనిపించిన చోట కీబోర్డు మీద స్ట్రింగ్స్, అంటే వయొలిన్ల గుంపులాంటి శబ్దం, వేశాను. ఆయన కిటికీ మూస్తే ఒక బిట్టు, మెట్లు దిగితే ఒక బిట్టు.

డైరెక్టర్ కుర్రాడు నాకు చిన్నప్పటి నుంచి తెలిసినవాడే, అక్కా అని పిలుస్తాడు. మొదటి కాపీ ఇద్దరం కూర్చుని చూశాం. అయిపోయేదాకా ఏమీ అనలేదు. తర్వాత మెల్లిగా, "అక్కా, తాతయ్య గేటు దగ్గర ఆగి వెనక్కి చూస్తాడే, అక్కడ నీ గిటార్ కాసేపు ఊరుకోదా?" అన్నాడు.

నాకు చాలా కోపం వచ్చింది. రెండు రోజులు వాడి ఫోన్ ఎత్తలేదు. రాత్రుళ్లు కూర్చుని కట్టిన బాణీ అది, ఒక్కో బిట్టు ఇరవై సార్లు వాయించి రికార్డు చేసింది. చివరికి మాకు మిక్సింగ్ చేస్తున్న పెద్దాయన దగ్గరికి వెళ్లి గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన ఎవరి పక్షమూ మాట్లాడలేదు. "లోకల్ హీరో చూశావా అమ్మా?" అన్నారు. "మార్క్ నాఫ్లర్ సంగీతం. ముందు సినిమా మొత్తం చూడు. అయ్యాక చివరి ఐదు నిమిషాలు మళ్లీ చూడు. తర్వాత మాట్లాడుకుందాం."

నాఫ్లర్ నాకు కొత్తవాడేమీ కాదు. గిటార్ పట్టిన ఎవరికైనా ఆయన పాట 'సుల్తాన్స్ ఆఫ్ స్వింగ్' ఒక పరీక్ష. దాని చివర్లో వేగంగా పరుగెత్తే ముక్క కోసమే రెండేళ్లు వేళ్లు అరగదీసుకున్నాను. ఆయన రాక్ బ్యాండు డైర్ స్ట్రెయిట్స్ అంటే నాకు ఆ గిటార్ సోలోలే. 1982లో వచ్చిన 'లవ్ ఓవర్ గోల్డ్' ఆల్బంలో 'టెలిగ్రాఫ్ రోడ్' అనే ఒక్క పాటే 14 నిమిషాలుంటుంది. చివర్లో నిమిషాల తరబడి గిటారే గిటారు. సరిగ్గా ఆ తర్వాతి ఏడాదే, 1983లో, అదే మనిషి తన మొదటి సినిమాకి సంగీతం చేశాడు. ఆయన సినిమాలు చేశాడని వినే ఉన్నాను. రాక్ బ్యాండు వాళ్లు విరామంలో సరదాకి చేసే పనేమో అనుకునేదాన్ని.

లోకల్ హీరో దర్శకుడు బిల్ ఫోర్సైత్, స్కాట్లండ్ మనిషి. కథ ఇలా ఉంటుంది. అమెరికాలో హ్యూస్టన్‌లోని ఒక చమురు కంపెనీ, స్కాట్లండ్ సముద్రపు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరిని మొత్తంగా కొనేసి అక్కడ రిఫైనరీ కట్టాలనుకుంటుంది. బేరం కుదర్చడానికి మాక్ అనే ఉద్యోగిని పంపుతుంది. పీటర్ రీగర్ట్ వేశాడు ఆ పాత్ర. కంపెనీ యజమానిగా బర్ట్ లాంకస్టర్. ఆ యజమానికి చమురు కంటే ఆకాశం మీద, తోకచుక్కల మీద ఆసక్తి ఎక్కువ. ఊళ్లోవాళ్లు అమ్మమని మొరాయిస్తారనుకుంటాం. వాళ్లేమో ఎప్పుడెప్పుడు డబ్బు చేతిలో పడుతుందా అని చూస్తుంటారు. మారిపోయేది మాక్. ఆ ఇసుక, గవ్వలు, రాత్రి ఆకాశంలో కదిలే రంగుల వెలుగులు, అవన్నీ వాడి లోపలికి వెళ్లిపోతాయి. హెడాఫీసుతో మాట్లాడాలంటే ఊరంతటికీ దారి పక్కన ఉన్న ఒక ఎర్ర ఫోన్ బూత్. జేబులో చిల్లర పోసుకుని వెళ్లి అందులో నిలబడాలి. ఊరి దృశ్యాలు స్కాట్లండ్‌ ఈశాన్య తీరంలోని పెన్నన్‌లో తీశారు. ఇసుక తీరం మాత్రం పశ్చిమాన కామస్‌డారక్ దగ్గరిది. తెరమీద రెండూ కలిసి ఒకే ఊరు.

సినిమా చూస్తున్నంతసేపూ నేను గిటార్ కోసం ఎదురుచూశాను. సుల్తాన్స్ వాయించిన చెయ్యి కదా, ఎక్కడో ఒకచోట విరుచుకుపడుతుంది అనుకున్నాను. పడలేదు. గిటార్ వస్తుంది, కాసేపు ఉంటుంది, ఎవరో నోరు తెరవబోతున్నారనగా పక్కకి తప్పుకుంటుంది. అసలు బాణీని తొందరపడి పూర్తిగా మన చేతిలో పెట్టడు. ఆల్బంలో దాన్ని 'వైల్డ్ థీమ్' అన్నారు. ఒంటరి గిటార్, నెమ్మదిగా, ఇసుకలో నడిచే మనిషి అడుగుల్లా. ఊరి హాల్లో డాన్సు జరిగే రాత్రి ఉంది. స్కాట్లండ్‌లో కేలీ అంటారు. అక్కడైతే అంతా వాళ్ల జానపద బాణీల ధోరణి. గిటార్ హీరో తనొకడున్నాడని గుర్తు చెయ్యడానికి కూడా ప్రయత్నించడు.

ఇక ఆ చివరి ఐదు నిమిషాలు. నా మటుకు నేను ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మాక్ హెలికాప్టర్ ఎక్కి ఊరు విడిచి వెళ్లిపోతాడు. హ్యూస్టన్‌లో తన ఫ్లాట్. అన్నీ ఖరీదైన వస్తువులే, మనిషి మాత్రం ఒక్కడే. కోటు జేబులోంచి గవ్వలు, రాళ్లు తీసి పెడతాడు. ఊళ్లో తీసిన ఫొటోలు గోడకి గుచ్చుతాడు. బాల్కనీలోకి వచ్చి నిలబడతాడు. కింద నగరం, దీపాలు, ట్రాఫిక్ రొద. అక్కడి నుంచి ఒక్క కట్. ఆ సముద్రపు ఊరు, దూరం నుంచి. ఎర్ర ఫోన్ బూత్. అందులో ఫోన్ మోగుతోంది. ఎత్తేవాళ్లెవరూ మనకు కనిపించరు. అప్పుడు సినిమా అంతా బిగబట్టిన ఆ బాణీ నిండుగా విచ్చుకుంటుంది. మొదట గిటారే, తర్వాత డ్రమ్స్ అందుకుంటాయి, ఆపైన మైకేల్ బ్రెకర్ శాక్సఫోన్. ఆ ట్రాక్ పేరు 'గోయింగ్ హోమ్'. ఇంటికి వెళ్తున్నాను అని. ఇంటికి చేరిపోయిన మనిషి మీద ఆ పేరున్న సంగీతం వేశారంటే, వాడి ఇల్లు ఎక్కడుందో ఇక ఎవరూ నోటితో చెప్పక్కర్లేదు.

దీని వెనక ఒక సంగతి ఉంది. సినిమా విడుదల చేసే స్టూడియోవాళ్లకి ఆ ముగింపు నచ్చలేదు. మాక్ ఊళ్లోనే ఉండిపోయేలా మార్చమన్నారు. ఫోర్సైత్ ఒప్పుకోలేదు. దానికి బదులు ఫోన్ బూత్ షాట్ తెచ్చి చివర్లో పెట్టాడు. ఊరికి తిరిగి వెళ్లలేనివాడు కనీసం ఫోన్ చేశాడన్నమాట. అంత చిన్న మార్పు నిలబడిందంటే సగం ఆ షాట్ వల్ల, సగం ఆ సంగీతం వల్ల. నేనైతే సంగీతానికి ఇంకొంచెం ఎక్కువే ఇస్తాను. ఎందుకంటే ఫోన్ మోగడం ఒక్కటే అయితే దుఃఖం. ఆ డ్రమ్స్ అందుకోగానే ఆ దుఃఖంలోకి ఎక్కడ లేని సంతోషం వచ్చి చేరుతుంది. రెండూ ఒకేసారి. నాకు కళ్లలో నీళ్లు తిరిగేది సరిగ్గా అక్కడే.

మర్నాడు గిటార్ పట్టుకుని వైల్డ్ థీమ్ వాయించబోయాను. బాణీ కష్టం కాదు, గంటలో దొరికింది. కానీ నా చేతిలో అది వేరే ఏదోలా మోగింది. అప్పుడు ఆయన చేతుల వీడియోలు దగ్గరగా చూడడం మొదలుపెట్టాను. నాఫ్లర్ సాధారణంగా ప్లెక్ట్రమ్, అంటే తీగలు మీటే చిన్న బిళ్ల, పట్టడు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు, ఈ మూడింటితోనే వాయిస్తాడు. పుట్టుకతో ఎడమచేతివాటం మనిషి, గిటార్ మాత్రం కుడిచేతివాటంగా పడతాడు. ప్లెక్ట్రమ్‌తో కొడితే ప్రతి స్వరానికి ముందు 'టక్' అని ఒక చిన్న దెబ్బ వినిపిస్తుంది. వేలి కండతో లాగితే ఆ దెబ్బ ఉండదు, స్వరం గుండ్రంగా వస్తుంది. మనిషి మాట మొదలుపెట్టే ముందు ఊపిరి తీసుకున్నట్టుంటుంది. అంతకంటే ముఖ్యం, లాగిన వేలే వెంటనే తిరిగొచ్చి తీగ మీద వాలుతుంది. తీగ ఆగిపోతుంది. ఎంతసేపు మోగాలన్నది ఆ వేలి చేతిలో ఉంది. నేను ఇన్నేళ్లూ తీగ మోగించడమే నేర్చుకున్నాను. ఆపడం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఇంకొకటి కాలి కింద ఉండే వాల్యూమ్ పెడల్. తీగ లాగేటప్పుడు శబ్దం మూసి ఉంచి, లాగాక పాదంతో నెమ్మదిగా తెరుస్తాడు. స్వరం మొదలైన క్షణం వినపడదు, ఎక్కడి నుంచో తేలివచ్చినట్టు ఉంటుంది, దాదాపు వయొలిన్‌లాగా. నేను సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కొన్నాను. మొదటి నెల పాదానికీ చేతికీ పొత్తు కుదరలేదు. ఇప్పుడు కుదిరింది, కుదిరాక అది లేకుండా వాయించబుద్ధి కావడం లేదు.

ఆయన గ్లాస్గోలో పుట్టాడు, చిన్నతనంలోనే కుటుంబం ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ వైపు వచ్చేసింది. బ్యాండుకి ముందు లీడ్స్‌లో ఒక దినపత్రికలో జూనియర్ రిపోర్టరుగా పనిచేశాడు, ఇంగ్లీషు చదివాడు, కాలేజీలో పాఠాలూ చెప్పాడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే రాసుకోవడం అలవాటైన చెయ్యి కాబట్టే తెరమీద మనుషులు మాట్లాడేటప్పుడు అంత ఓపికగా ఉండగలిగిందని నాకనిపిస్తుంది.

లోకల్ హీరో తర్వాత ఏడాదే, 1984లో, 'కాల్' వచ్చింది. దర్శకుడు పాట్ ఓకానర్. ఉత్తర ఐర్లండ్‌లో హింస సాగుతున్న రోజులు. ఒక పోలీసు హత్యలో కారు నడిపిన కుర్రాడు, తర్వాత ఆ పోలీసు భార్యనే ప్రేమిస్తాడు. ఆమెగా వేసిన హెలెన్ మిరెన్‌కి కాన్ చలనచిత్రోత్సవంలో ఉత్తమ నటి బహుమతి వచ్చింది. ఈ సినిమాలో నాఫ్లర్ చేసిన పని నాకు లోకల్ హీరో కంటే కూడా పెద్దదనిపిస్తుంది, ఎందుకంటే బాణీని తీసుకెళ్లి వేరేవాళ్ల చేతిలో పెట్టేశాడు. లియామ్ ఓఫ్లిన్ వాయించిన ఇలిన్ పైప్స్ ఉంటాయి అందులో. ఐర్లండ్ వాద్యం. నోటితో ఊదరు, మోచేతి కింద తిత్తి పెట్టుకుని నొక్కుతూ గాలి ఇస్తారు. వాళ్ల భాషలో ఆ పేరుకి అర్థమే మోచెయ్యి. ఆ శబ్దంలో ఒక జీర ఉంటుంది, ఏడ్చి ఏడ్చి ఊరుకున్నాక గొంతులో మిగిలే జీర. దాని ముందు గిటార్ నిలబడలేదని నాఫ్లర్‌కి తెలుసు. పక్కన కూర్చుని తోడు వాయించాడు. అప్పటికే ఆయన పెద్ద స్టార్. తర్వాతి ఏడాది 'బ్రదర్స్ ఇన్ ఆర్మ్స్' వచ్చి ప్రపంచమంతా మోగిపోయింది. అలాంటి మనిషి, తన పేరుతో వచ్చిన ఆల్బంలో, ముందు కుర్చీ ఇంకొకరికి ఇచ్చాడు. నేను 14 నిమిషాల సినిమాలో ఒక ముసలాయన అడుగుల చప్పుడుకి కూడా చోటివ్వలేదు. ఆ పోలిక నన్ను చాలా రోజులు పట్టి వేధించింది.

ఫోర్సైత్‌తోనే 'కంఫర్ట్ అండ్ జాయ్' అదే ఏడాది చేశాడు. 1987లో 'ప్రిన్సెస్ బ్రైడ్'. రాబ్ రైనర్ దర్శకుడు. ఇక్కడ ఒక ముచ్చట ఉంది. రైనర్ అంతకుముందు 'స్పైనల్ ట్యాప్' అనే సినిమా తీసి, అందులో ఒక టోపీ పెట్టుకుని తనే కనిపిస్తాడు. నాఫ్లర్, "సంగీతం చేస్తాను, కానీ ఆ టోపీ ఈ సినిమాలో ఎక్కడో ఒకచోట కనిపించాలి" అని షరతు పెట్టాడు. అసలు టోపీ దొరక్క, అలాంటిదే ఇంకొకటి చేయించి, తాతయ్య కథ చదివి వినిపించే పిల్లాడి గదిలో పెట్టారు. నాఫ్లర్ తర్వాత అది సరదాకి అన్నానన్నాడు. ఈసారి సినిమా చూసేటప్పుడు ఆ గది గమనించండి. అందులో ఆర్కెస్ట్రాలా వినిపించేది చాలావరకు సింక్లావియర్ అనే అప్పటి డిజిటల్ కీబోర్డు, దాని వెనక డైర్ స్ట్రెయిట్స్ సహచరుడు గై ఫ్లెచర్. నిజం చెప్పాలంటే ఆ శబ్దానికి ఇప్పుడు వయసు తెలుస్తోంది. కత్తియుద్ధాల దగ్గర నిజమైన ఆర్కెస్ట్రా ఉంటే ఎంత బాగుండేదో అనుకుంటాను. అదే సినిమాలో విల్లీ డెవిల్ రాసి పాడిన 'స్టోరీబుక్ లవ్' మాత్రం చెక్కుచెదరలేదు. ఆస్కార్‌కి నామినేట్ అయింది, బహుమతి 'డర్టీ డాన్సింగ్' పాటకి వెళ్లింది.

1989 నాటి 'లాస్ట్ ఎగ్జిట్ టు బ్రూక్లిన్' నేను ఒక్కసారే చూడగలిగాను. చాలా కరుకైన సినిమా. కానీ అందులోని 'ఎ లవ్ ఐడియా' అనే ట్రాక్ తరచుగా వింటాను. తర్వాత 'వాగ్ ది డాగ్', 'మెట్రోలాండ్', 'ఎ షాట్ ఎట్ గ్లోరీ' ఉన్నాయి. అవి నాకు అంతగా పట్టలేదు. 2016లో 'అల్టమిరా' చేశాడు. స్పెయిన్‌లో గుహలో అడవిదున్నల బొమ్మలు బయటపడిన కథ. దానికి ఆయనతో కలిసి పనిచేసింది ఎవెలిన్ గ్లెనీ. పన్నెండేళ్లకే దాదాపుగా వినికిడి పోయిన స్కాటిష్ తాళవాద్యకారిణి. చెప్పులు లేకుండా నిలబడి, ప్రకంపనలు పాదాలతో, ఒంటితో పట్టుకుంటూ వాయిస్తుంది. చప్పుడు ఎక్కడ ఆగిందో ఒంటితో తెలుసుకునే మనిషి, తీగని వేలితో ఆపే మనిషి. ఇద్దరూ ఒకచోట కూర్చున్న గదిలో ఒక మూల నిలబడి చూడాలని నాకు ఇప్పటికీ ఆశ.

గోయింగ్ హోమ్ ఆ సినిమా దాటి చాలా దూరం వెళ్లింది. న్యూకాసిల్ యునైటెడ్ ఫుట్‌బాల్ జట్టు తమ సొంత మైదానంలోకి దిగేటప్పుడు అదే వేస్తారు. సెయింట్ జేమ్స్ పార్క్ స్టేడియం అది. నాఫ్లర్ పెరిగిన ప్రాంతం, ఆయన అభిమాన జట్టు. వేలమంది ఒక్కసారి లేచి నిలబడితే ఆ గిటార్ స్పీకర్లలో మోగుతుంది. ఆ వీడియో చూసినప్పుడు నాకు ఫోన్ బూత్ గుర్తొస్తుంది, అక్కడ నిలబడ్డవాళ్లలో ఎంతమందికి వస్తుందో.

2024 మార్చిలో అదే బాణీని మళ్లీ రికార్డు చేసి విడుదల చేశారు. క్యాన్సర్ వచ్చిన టీనేజి పిల్లలకి సాయపడే సంస్థల కోసం. 60 మందికి పైగా గిటారిస్టులు వాయించారు. ఎరిక్ క్లాప్టన్, డేవిడ్ గిల్మర్, బ్రయన్ మే, స్లాష్, బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్, ఇలా చెప్పుకుంటూ పోవచ్చు. డ్రమ్స్ దగ్గర రింగో స్టార్. లండన్‌లోని నాఫ్లర్ సొంత స్టూడియో బ్రిటిష్ గ్రోవ్‌లో గై ఫ్లెచర్ వాటన్నిటినీ కూర్చాడు. తొమ్మిది నిమిషాలకు పైనే ఉంటుంది. అంతమంది ఒక పాటలో అంటే నాకు ముందు టెన్షన్ వేసింది, నా షార్ట్ ఫిలిం మొదటి కాపీలా ఉంటుందేమోనని. అలా లేదు, కానీ సినిమాలో ఉన్న ఆ ఒంటరితనం కూడా లేదు. అంతమంది మధ్య ఉండదు మరి. దాని మొదట్లో మాత్రం జెఫ్ బెక్ వాయించాడు. ఆయన 2023 జనవరిలో చనిపోయాడు, ఇది ఆయన చివరి రికార్డింగు. ఆ ముక్క వినేటప్పుడు నేను ఇంకే పనీ చెయ్యను. ఆయన కూడా ప్లెక్ట్రమ్ వదిలేసి వేళ్లతో వాయించినవాడే.

మా షార్ట్ ఫిలిం దగ్గరికి వస్తాను. లోకల్ హీరో చూసిన వారానికి డైరెక్టర్ కుర్రాడికి నేనే ఫోన్ చేశాను. "ఒక నెల టైమివ్వు, మొత్తం మళ్లీ చేస్తాను," అన్నాను. సారీ కూడా చెప్పాను. స్ట్రింగ్స్ అన్నీ తీసేశాను. కిటికీ బిట్టు, మెట్ల బిట్టు పోయాయి. ప్లెక్ట్రమ్ డ్రాయరులో పెట్టేసి, వేళ్లతో బాణీని మొదటి నుంచి సాధన చేశాను. నా బాణీ మంచిదే, ఇప్పటికీ అంటాను. కానీ దాన్ని మొత్తంగా ఒకేచోట, చివర్లో మాత్రమే వాడాను. మధ్యలో రెండుచోట్ల మూడేసి స్వరాలు, అంతే. 12 నిమిషాల సంగీతం మూడు నిమిషాలకి వచ్చింది.

తీసేస్తుంటే కింద నుంచి ఏవేవో బయటపడ్డాయి. ఖాళీ గదిలో ఆయన దగ్గు గోడలకి తగిలి తిరిగొస్తుంది. మేకు నుంచి క్యాలెండరు తీసేటప్పుడు కాగితం చిరిగిన చప్పుడు. తాళం ఒకసారి పడదు, ఆయన తలుపుని భుజంతో నొక్కి రెండోసారి తిప్పుతాడు. అన్నేళ్లు ఆ ఇంట్లో ఉన్నవాడికే ఆ తలుపు గుట్టు తెలుసు. ఇదంతా షూటింగులో రికార్డయినదే, నా గిటార్ కింద పడి ఉంది.

కొత్త కాపీ చూడడానికి కుర్రాడు వచ్చాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని కూర్చున్నాడు. నేను వెనక నిలబడ్డాను. తెరమీద పెద్దాయన గేటు దగ్గర ఆగి వెనక్కి చూశాడు. అక్కడ ఏమీ లేదు, ఎక్కడో దూరంగా ఒక కుక్క మొరిగింది, అంతే. తాళంచెవి చేతులు మారింది. ఆయన వీధి మలుపు తిరిగి కనపడకుండా పోయాడు. గేటు ఇంకా మెల్లిగా ఊగుతోంది. అది ఆగిన తర్వాత నా మొదటి తీగ మోగింది.

అయిపోయాక హెడ్‌ఫోన్స్ తీసి మెడలో వేసుకున్నాడు. కాసేపు తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

"అక్కా, గేటు కిర్రుమంటుందని ఇన్నాళ్లూ నాకే తెలీదు," అన్నాడు.